ఇక్కడ ఆపండి

జూన్ 3, మంగళవారం

ఇవాళ కూడా చివరి స్టాప్ దాకా వెళ్లిపోయాను.

మా రూట్ వ్యాన్‌లో బెల్ లేదు. దిగాలంటే వెనక నుంచి ఆపండి అని గట్టిగా అనాలి. నా స్టాప్‌లో ఇంకెవరైనా దిగితే వాళ్ల వెనకాలే దిగిపోతాను. ఎవరూ దిగకపోతే వ్యాన్ డిపోకి పోతుంది, నేనూ పోతాను. అక్కడి నుంచి వెనక్కి నడక. అత్తయ్య అడిగితే షాపులో పని ఎక్కువైంది అని చెబుతాను.

జూన్ 30 నుంచి మా ఆయన షిఫ్ట్ మారుతోంది, అర్ధరాత్రికి గానీ ఇంటికి రారు. జూలై ఒకటి నుంచి పొద్దున నన్ను బైక్ మీద దింపడం ఇక కుదరదు. సాయంత్రం ఆలస్యమైతే ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. పొద్దున ఆలస్యమైతే కర్టెన్ల షాపు ఓనరమ్మ ఊరుకోదు. నాకు ముందున్న అమ్మాయిని మాన్పించింది అందుకే. అక్కడి కుట్టు మెషిన్ మీద నాకు చెయ్యి కుదిరింది. కిటికీ పక్కన సీటు. పోగొట్టుకోను.

జూన్ 5, గురువారం

కొత్త చెప్పులు అప్పుడే ఇంతలా ఎలా అరిగాయి, మీ ఓనరమ్మ షాపులో కుట్టిస్తోందా, పరుగు పందేలు పెడుతోందా అని ఆయన అడిగారు. చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. చెప్పు తిప్పి తిప్పి చూసి, రోజూ ఇంత దూరం నడుస్తున్నావా అన్నారు.

హెల్త్ సెంటర్‌లో కౌన్సెలింగ్ మేడమ్ ఒకావిడ ఉందట. వాళ్ల సూపర్‌వైజర్‌కి లిఫ్ట్ అంటే ఉన్న భయం ఆవిడే పోగొట్టిందట. సైలెన్సర్‌కి కూడా రిపేర్ ఉంటుందే, వెళ్దాం అన్నారు. పెళ్లయిన కొత్తలో పెట్టిన పేరు అది, సైలెన్సర్.

జూన్ 10, మంగళవారం

మేడమ్ ముందు కూర్చున్నాను. మాట రాలేదు. ఆవిడ తొందర పెట్టలేదు. ఇప్పుడు మీ చేతులు ఏం చేస్తున్నాయో ఒకసారి చూసుకోండి అంది. చూస్తే బ్యాగ్ పట్టీ మెలిపెడుతున్నాయి. ఆపేశాను. ఆపొద్దు, ఇంకా గట్టిగా మెలిపెట్టండి అంది. మెలిపెట్టాను. ఇంకా అంది. పట్టీ ఊడి చేతిలోకి వచ్చింది. ఇద్దరం నవ్వాం. నేను బయటికి వినపడేలా నవ్వాను.

తర్వాత, ఆపండి అంటే ఏమవుతుంది అని అడిగింది. అందరూ నా వైపే తిరిగి చూస్తారు, రోజంతా నా గురించే అనుకుంటారు అన్నాను. ఎంత నమ్మకం, నూటికి ఎంత అంటే తొంభై అన్నాను. అయితే వేరేవాళ్లు ఆపమన్నప్పుడు మీరేం చేస్తారో గమనించి రండి అంది.

జూన్ 11, బుధవారం

నా సీటు వెనకాయన ఆపమని కేకేసి దిగాడు. ఇంటికొచ్చి అతని మొహం గుర్తు చేసుకుందామని కూర్చున్నాను. చొక్కా రంగు కూడా రాలేదు.

తొంభై కాదేమో. డెబ్భై.

జూన్ 14, శనివారం

ఈ వారం హోంవర్క్: కావాలనే ఒక తిక్క ప్రశ్న అడగాలి. ఏమవుతుందనుకుంటున్నానో ముందు రాసుకోవాలి, ఏమైందో తర్వాత రాయాలి.

ముందు రాసింది: చెప్పుల షాపులోకి వెళ్లి బ్రెడ్ ఉందా అని అడుగుతాను. షాపు ఆయన గేలి చేస్తాడు. జనం పోగవుతారు. నాకు కళ్లు తిరుగుతాయి.

జరిగింది: ఆయన తల కూడా ఎత్తలేదు. ఇక్కడెక్కడిదమ్మా, పక్క సందులో బేకరీ ఉంది, ఎలాగూ వెళ్తున్నావు కాబట్టి నాకో బన్ను తెచ్చిపెట్టు, పొద్దుట్నుంచీ కాళ్లు కొలుస్తూనే ఉన్నాను అన్నాడు. తెచ్చిచ్చాను. జనం పోగవలేదు. కళ్లు తిరగలేదు. దారంతా నాలో నేనే నవ్వుకున్నాను.

జూన్ 17, మంగళవారం

మేడమ్ నా ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేసింది. మీ గొంతు అక్కడ కూర్చుందనుకోండి, దాన్ని ఏమడుగుతారు అంది. ముందు సిగ్గేసింది. తర్వాత, అవసరానికి ఎందుకు పారిపోతావు, నీవల్ల నా చెప్పులు అరిగిపోయాయి అన్నాను. ఇప్పుడు మీరు లేచి ఆ కుర్చీలో కూర్చుని, గొంతులా జవాబు చెప్పండి అంది.

వెళ్లి కూర్చున్నాను. ఏం చెప్పాలో తెలియదు. ఉన్నట్టుండి నా నోటి నుంచి, అరవకు, నాన్న లేస్తాడు అని వచ్చింది.

నాన్నకి నైట్ డ్యూటీ. పగలంతా పడుకునేవాడు. ఉన్నది ఒకటే గది. నేనూ అమ్మా గుసగుసలతోనే ఇల్లు నడిపాం. గిన్నె కింద గుడ్డ వేసి పెట్టేవాళ్లం. నా పిల్ల ఉందో లేదో కూడా తెలియదు, బంగారం అని నాన్న అందరికీ చెప్పుకునేవాడు.

ఏడ్చాను. బాధ కాదు. పాపం, నా గొంతు ఇన్నేళ్లూ నాన్న నిద్రకి కాపలా కాస్తోంది.

జూన్ 18, బుధవారం

ఇంట్లో మళ్లీ చేయమంది మేడమ్. వంటగదిలో స్టూలు వేసి, నాన్న లేచేశాడు, నువ్విక కాపలా దిగు అని గొంతుకి నచ్చజెబుతున్నాను. అత్తయ్య వచ్చింది. స్టూలుతో ఏంటే గొడవ అంది. చెప్పాను. ఓస్ ఇంతేనా అని వెళ్లి ఆ స్టూలు మీద కూర్చుంది. సరే, నేనే నీ గొంతుని, అడుగు అంది.

అది కాదత్తయ్యా, ఖాళీగా ఉండాలి అన్నాను. ఖాళీ స్టూలు జవాబు చెబుతుందా, నీ పిచ్చి కాకపోతే, అడుగు అంది. ఎందుకు రావు అని అడిగాను. నువ్వు నాకు ఏనాడైనా పని చెప్పావా, తుప్పు పట్టి చస్తున్నా, ముందు వేడి వేడి టీ పట్రా అంది.

టీ పెట్టాను. చక్కెర చాల్లేదు అంది నా గొంతు.

జూన్ 22, ఆదివారం

నాన్నకి ఫోన్ చేశాను. కుర్చీ సంగతి చెబుతుంటే, ఏంటమ్మలూ, వినపడట్లేదు, కాస్త గట్టిగా చెప్పవే అంటాడు. చెవులు మందగించాయట. ఇంకా, ఇంకా అంటాడు. చివరికి అరిచాను. నాన్నా, నీ నిద్ర కోసమే నేను మెల్లగా మాట్లాడటం నేర్చుకున్నాను అని.

 పిచ్చితల్లీ, పక్కన మిల్లు మోతకే లేవనివాణ్ని, నీ మాటకి లేస్తానా అన్నాడు.

జూన్ 27, శుక్రవారం

వ్యాన్‌లో నోరు తెరిచాను, ఆవలింత అనుకుని పక్కావిడ కూడా ఆవలించింది.

జూలై 1, మంగళవారం, పొద్దున ఆరు

ఆయన డ్యూటీ నుంచి అర్ధరాత్రి వచ్చి పడుకుని ఉన్నారు. గుండె కొట్టుకుంటోంది. అరచేతులు చల్లగా ఉన్నాయి. కొట్టుకోనీ, చల్లగా ఉండనీ, భయం పోయాకే అనాలని రూలేం లేదు, భయంతో పాటే అనొచ్చు అని మేడమ్ చెప్పింది. నమ్మకం నలభై. వెళ్తున్నాను.

అదే రోజు, సాయంత్రం

అన్నాను.

అయితే ఎంత గట్టిగా అనాలో నాకు కొలత తెలియదు కదా. షాపు సందు కనిపించగానే ఆపండి అని ఒక్క కేక పెట్టాను. డ్రైవర్ సడన్ బ్రేక్ వేశాడు. నిలబడ్డవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. నేను భయపడ్డట్టే అందరూ తిరిగి నన్నే చూశారు. ఒక్కళ్లు కూడా మిగల్లేదు.

నాకేమీ కాలేదు. మొహం వేడెక్కింది, అంతే. దిగుతుంటే డ్రైవర్ నన్ను గుర్తుపట్టాడు. ఇంత గొంతు పెట్టుకుని రోజూ డిపో దాకా ఎందుకు వస్తున్నావమ్మా, అక్కడ మీ చుట్టాలున్నారనుకున్నానే అన్నాడు. లేరండి అన్నాను. వ్యాన్‌లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

షాపు ఇంకా తెరవలేదు. మెట్ల మీద కూర్చుని ఓనరమ్మ కోసం ఎదురుచూశాను. తాళం తీస్తూ, ఏంటి, రాత్రి ఇక్కడే పడుకున్నావా అంది.

అత్తయ్యకి చెబితే, నా టీ చలవే అంది.

జూలై 5, శనివారం

వ్యాన్ పోతుంటే ఒక వీధి కనిపించింది. అందులో నాకు తెలిసినవాళ్లు లేరు, పనీ లేదు. ఆపండి అన్నాను. ఆగింది.