ఆగండమ్మ

మార్చి 9, ఆదివారం

చిట్టితల్లికి,

అమ్మా నాన్నల ఆశీస్సులు. ఇక్కడ మా ఆరోగ్యాలూ, మా పోట్లాటలూ ఎప్పటిలాగే సజావుగా సాగుతున్నాయి. నువ్వూ కులాసా అని తలుస్తాను.

గురువారం రాకెట్ ప్రయోగానికి మొదటిసారి నువ్వు భద్రత చూసే కుర్చీలో కూర్చుంటున్నావని చదివి మురిసిపోయాను. తర్వాతి వాక్యానికి గుండెల్లో రాయి పడింది. నేను ఆగండి అన్నాక ప్రమాదమేమీ లేదని తేలితే నవ్వులపాలైపోతాను కదమ్మా, నోరు మూసుకోవడమే మేలేమో అని రాశావు. ఆగండమ్మ కూతురివై ఉండి ఆ మాట ఎలా రాయబుద్ధేసిందే?

ఆ పేరు నాకెలా వచ్చిందో నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. మొత్తం చెబుతాను విను.

నేను ఉద్యోగం చేసిన రోజుల్లో మా కేంద్రం రాకెట్లు చిన్నవి, మనిషికి రెండింతల పొడవు. మబ్బులు దాటి చాలా పైకి పోయి, వెంట్రుక కన్నా సన్నని రాగి పోగుల్ని వెదజల్లేవి. అవి ఎటు కొట్టుకుపోతున్నాయో రాడార్‌లో చూసి అక్కడి గాలి సంగతి తెలుసుకునేవాళ్లం. ఒకసారి వదిలాక ఆ రాకెట్‌ని దారి మళ్లించడం ఎవరి తరమూ కాదు. అందుకే ముందుగా కింది గాలి చూడాలి. ఆ పని నాది. బెలూన్‌లో గ్యాస్ నింపి వదిలి, దుర్భిణిలోంచి దాన్ని వెంబడిస్తూ గాలి ఎటు వీస్తోందో మైకులో చెప్పేదాన్ని. బెలూన్లకు రాసే తెల్లపొడి ఒంటినిండా అంటుకునేది. పిండిమరలో చేరావటే అని మా అమ్మ వెక్కిరించేది. ఆ పొడి వాసన తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

పైగాలి ఏడాదికి రెండుసార్లు దిక్కు మార్చుకుంటుంది. ఎప్పుడు తిరుగుతుందో తెలియదని దానికి మేం అత్తగారని పేరు పెట్టాం. ఆ మలుపు పట్టుకోవాలని మా పెద్దసారు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారు. ఆ రోజు రాకెట్ ఇక వదలబోతుండగా నా బెలూన్ ఉన్నట్టుండి చేపల పడవలున్న వైపు ఒరిగింది. ఆగండి అని అరిచాను.

ఆపారు. ఇంకో బెలూన్ వదిలితే బుద్ధిగా నిటారుగా పోయింది. ఈలోగా మాకిచ్చిన సమయం దాటిపోయింది. మర్నాటికి అత్తగారు అటు తిరిగి కూర్చున్నారు, మలుపు చేజారింది. పెద్దసారు మలుపు కోసం గీసిపెట్టుకున్న కాగితాన్ని ఖాళీగానే మడిచి పెట్టేశారు. అది చూసి చచ్చినంత పనైంది. క్యాంటీన్లో అడుగుపెడితే చాలు, టీ పోసేవాడితో సహా అందరూ ఆగండమ్మ వచ్చిందనేవాళ్లు. ఉద్యోగం మానేద్దామనుకున్నాను.

అప్పుడు లెక్కల గదిలోంచి మీ నాన్న వచ్చారు. అంతవరకూ నాతో పలికిన పాపాన పోలేదు. ఆ గాలికి లెక్క కట్టి చూశాను, వదిలి ఉంటే రాకెట్ పడవల మధ్యే పడేది అని అందరికీ వినబడేలా చెప్పి, తన గ్లాసు తీసుకుని వెళ్లిపోయారు. ఆ ఒక్క మాటకే నేను పడిపోయాను తల్లీ. ఎందరు వద్దన్నా ఆయన్నే చేసుకున్నాను.

కాబట్టి అనుమానం వస్తే అనెయ్యి. వేళకు తిను.

ఇట్లు,
మీ అమ్మ

తా.క. ఉత్తరం మడిచేముందు మీ నాన్నకు చదివి వినిపించాను. పడవల దగ్గరికొచ్చేసరికి నేలచూపులు చూశారు. గుచ్చి గుచ్చి అడిగితే బయటపెట్టారు. లెక్క ప్రకారం ఆ రోజు రాకెట్ పడవలకు చాలా దూరంగా పడేదట. నేను ఆపింది ఉత్తిపుణ్యానికేనట. ఇన్నేళ్ల కాపురం దొంగ లెక్క మీద నడిపారా అని కడిగిపారేశాను. నిజం చెబితే ఇంకోసారి నువ్వు నోరు తెరిచేదానివా అన్నారు. నిజమే, క్యాంటీన్లో ఆయన ఆ మాట అన్నాక నేను చాలాసార్లు ఆగండి అన్నాను. దాదాపు ప్రతిసారీ ఆపనక్కర్లేదనే తేలింది. ఒక్కసారి మాత్రం, వదిలి ఉంటే పడవల మీదే పడేది. ఆ లెక్క కట్టింది మీ నాన్న కాదు, పెద్దసారు.