హారన్ తీగ

పిచ్చుకా,

అమ్మ పోయిన రోజు నుంచి వ్యాను హారన్ మోగడం లేదని నీతో అంటూ వచ్చాను. ఆ సంగతి తర్వాత రాస్తాను, ముందు పనులు.

పదింటికి ఎలక్ట్రీషియన్ వస్తాడు. వ్యాను తాళంచెవి ఫ్రిజ్ మీద ఉంది. లోపలున్న మడతమంచం మీద అతన్ని కూర్చోనివ్వకు, దాన్ని బిగించింది నేను. బ్రేకు తొక్కితే వైపర్లు తిరుగుతున్నాయని చెప్పు. తీగలు నేనే విప్పినప్పుడు ఏది ఎక్కడిదో గుర్తుండాలని పక్కన రేకు మీద సుద్దముక్కతో నంబర్లు వేశాను. నేను బాగుచేసిన వ్యాను కప్పే కారి అన్నీ చెరిగిపోయాయి. ముప్పై ఏళ్లుగా బోర్డు తుడుస్తున్నవాడికి ఆ మాత్రం తట్టలేదు. అతను నవ్వితే నువ్వూ నవ్వు.

ఇక హారన్. అది చెడిపోలేదు. అమ్మ పోయిన వారానికి మీ మావయ్య వ్యాను తెచ్చి, అచ్చం అమ్మలాగే గేటు దగ్గర రెండుసార్లు కొట్టాడు. దిద్దుతున్న పేపర్లు కింద పడేసి పరుగెత్తాను.

"ఏంటి బావా, చెప్పుల్లేకుండా వచ్చేశావ్?" అన్నాడు.

"గేట్లోకి కుక్క దూరిందేమో అనుకున్నా" అన్నాను.

ఆ సాయంత్రమే తీగ పీకేశాను. నువ్వు కొత్త హారన్ కొనుక్కొస్తే, పాతది చెడిపోయిందన్నట్టు తల కూడా ఊపాను. అబద్ధమాడారని ఎంతమంది పిల్లల్ని బెంచీ ఎక్కించానో!

పాలు కాచి పెట్టాను.

మర్చిపోయాను: ఆ తీగ స్టీరింగు కింద ఎర్రటేపు చుట్టి ఉంటుంది. దాన్ని అతన్ని ముట్టుకోనివ్వకు, నేనే కలుపుతాను. ఇంకా కలపలేదు.

నాన్న