మామయ్యగారి అచ్చుల దండ

మామయ్యగారికి,

కోడలు నమస్కరించి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. మీ కాలికి కట్టు విప్పారా? వదిన మిమ్మల్ని మెట్లు దిగనివ్వడం లేదట, మంచి పని చేస్తోంది.

మీరు కాలు విరగ్గొట్టుకుని కూతురింటికి వెళ్లిన దగ్గర్నుంచి కింద బేకరీ మూసే ఉంది. మీ అబ్బాయి ఓడ దిగడానికి ఇంకా నెలలు పడుతుంది. ఏడాది చివరి సెలవులని వీధిలో అందరూ తలుపులకి పచ్చకొమ్మల దండలు కట్టుకున్నారు. మన తలుపొక్కటే బోసిగా ఉంది. కొట్టు ఎత్తేశామని ఎవరైనా అనుకుంటారని భయమేసి నేనూ ఒకటి కట్టాను. తీగ గుండ్రంగా వంచి, కొమ్మలు చుట్టి, మధ్యమధ్యలో మీ బిస్కెట్ అచ్చులు ఎర్రదారంతో వేలాడదీశాను. నక్షత్రం, చందమామ, బాతు, తోక వంగిన ఆ చేప, అన్నీ ఉన్నాయి. గాలి వీస్తే గలగలమంటున్నాయి.

ఒకటే బాధ. ఈ వీధిలో దొంగలున్నారు. కాకపోతే మహా మర్యాదస్తులు. నిన్న కేకుల కొట్టాయన వచ్చి, నెత్తిమీది టోపీ తీసి, కాసేపు కళ్లు మూసుకుని నిలబడి, చందమామని విప్పి జేబులో వేసుకున్నాడు. మేడ మీద నన్ను చూసి దణ్ణం కూడా పెట్టాడు. పట్టపగలు దణ్ణం పెట్టి మరీ దొంగతనం చేసేవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నేనూ తిరిగి దణ్ణం పెట్టాను.

ఇట్లు,
మీ కోడలు

తా.క.: పోయినవాటి చోట అటక మీది డబ్బాలోంచి వేరేవి తీసి కడుతున్నాను. మీరు దిగులు పడకండి, దండ తరగనివ్వను.

*

అమ్మాయికి,

మామయ్య దీవించి రాయడం. నీ ఉత్తరం చదివి మీ వదిన చేత మంచినీళ్లు తెప్పించుకుని తాగాను. వాళ్లు దొంగలు కారమ్మా. నువ్వు నన్ను చంపేశావు.

గుమాస్తాల ఇంటి పిల్లవి, నీకు తెలిసే దారి లేదు. మా బేకరీవాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. మాలో ఎవడైనా కన్నుమూస్తే వాడి అచ్చులన్నీ గుండ్రంగా కట్టి కొట్టు తలుపుకి వేలాడదీస్తారు. తోటివాళ్లు వచ్చి తలా ఒకటి పట్టుకెళ్తారు. మనిషి పోయినా వాడి అచ్చు ఎక్కడో ఒకచోట పిండి మీద పడుతూ ఉండాలని.

సెలవులకైనా వచ్చి పొయ్యి వెలిగించాలని నేనిక్కడ చేతికర్రతో నడక నేర్చుకుంటుంటే, నువ్వక్కడ బతికుండగానే నాకు దండ వేశావు. అదీ చాలక రోజూ కొత్త అచ్చులు కడుతున్నావు. మనిషి ఒక్కసారే పోతాడు తల్లీ. వెంటనే దండ విప్పెయ్. నేను బతికే ఉన్నానని అందరికీ చెప్పు.

ఆశీస్సులతో,
ఇంకా బతికున్న మీ మామయ్య

తా.క.: ఎదురు కొట్టువాడు వచ్చాడా? మా నాన్న చనిపోయిన ఏడాదే నా కళ్లెదురుగా వేరే బేకరీ తెరిచాడు. అప్పట్నుంచీ మాకు మాటల్లేవని నీకు తెలుసు. తమ్ముడే అయినా నాకేం ఆత్రం లేదు. ఊరికే అడుగుతున్నాను.

*

మామయ్యగారికి,

మీ కోడలు నమస్కారాలు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

దండ విప్పబోతే పిండి కొట్టు పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపేశాడు. ఆఖరి అచ్చు ఎవరో ఒకరు తీసుకెళ్లేదాకా విప్పకూడదట. "మామయ్యగారు బతికే ఉన్నారండీ" అన్నాను. ఆయన కళ్లు తుడుచుకుని "అవునమ్మా, మా అందరి గుండెల్లో ఎప్పటికీ బతికే ఉంటాడు" అన్నాడు. మీ ఉత్తరం చూపించాను. తెరవనైనా తెరవకుండా నా చేతిలోనే మడిచిపెట్టి, "దాచుకో తల్లీ, ఇలాంటివే కదా మిగిలేవి" అన్నాడు.

ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. చెప్పినకొద్దీ నా వంక జాలిగా చూస్తున్నారు. కేకుల కొట్టాయన భార్య నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి, రాత్రికి తోడు పడుకుంటానంది. పైగా పూటకో ఇంటి నుంచి గిన్నెలు వస్తున్నాయి. మీ పేరు చెప్పుకుని తినడానికి సిగ్గుగానే ఉంది, కానీ వేడివేడిగా పంపిస్తున్నారు.

ఇట్లు,
మీ తెలివితక్కువ కోడలు

తా.క.: చిన్నమామయ్యగారు రాలేదు. నేను వెళ్లి తట్టినా తలుపు తియ్యలేదు. వాళ్ల కిటికీ తెర దించే ఉంది.

*

అమ్మాయికి,

వాడు రాలేదన్నమాట.

కేకులవాడు వచ్చాడు, పిండివాడు వచ్చాడు, నా దగ్గర ఏనాడూ రొట్టె కొననివాళ్లు కూడా వచ్చారు. తోడబుట్టినవాడికి మాత్రం వీధి దాటడానికి కాళ్లు రాలేదు. చిన్నప్పుడు ఇద్దరం ఒకే పిండిమూట మీద పడుకునేవాళ్లం. నేను పొయ్యి వెలిగిస్తే వాడు ఊదేవాడు. ఇవాళ నాకు ఏడుపొచ్చింది, నీ దగ్గర దాపరికమేముంది.

నేనిక అక్కడికి రాను. కొట్టు అమ్మకానికి పెట్టు. నేను పోయాననే వాడు అనుకోనీ. వాడికి మాత్రం నిజం చెప్పకు, ఇది నా మాట.

ఆశీస్సులతో,
మామయ్య

తా.క.: తెర పూర్తిగా దించి ఉందా, ఒక పక్క కాస్త తొలగి ఉందా? సరిగ్గా చూసి రాయి.

*

మామయ్యగారికి,

నమస్కారాలు. మీ మాట జవదాటాను. ఎంత కోప్పడినా పడతాను, కానీ జరిగింది వినండి.

ఇవాళ పొద్దున తలుపు దగ్గర చప్పుడైతే ఇంకో మర్యాదస్తుడు వచ్చాడనుకుని కిందికి దిగాను. చిన్నమామయ్యగారు. గడ్డం మాసి ఉంది, భుజాన గోనెసంచి. ఆయన మన అచ్చులు తీసుకోవడం లేదు. సంచిలోంచి తన అచ్చులు ఒక్కొక్కటీ తీసి మన దండకి కడుతున్నారు. బరువుకి మేకు వంగిపోయింది.

"చిన్నమామయ్యా, మీరెందుకు కడుతున్నారు?" అన్నాను.

"నావి కూడా పంచేసుకోమను. ఇన్నేళ్లూ మా అన్న కంటే ముందు పొయ్యి వెలిగించాలన్న పంతం మీదే లేచానమ్మా. ఇప్పుడు ఎవడి మీద పంతానికి లేవాలి?" అన్నారు.

మామయ్యా, నా వల్ల కాలేదు. చెప్పేశాను. వీధి వీధంతా చూసినట్టే నన్ను జాలిగా చూశారు. మీ ఆఖరి ఉత్తరం తెచ్చి చేతిలో పెట్టాను. మొత్తం చదివి, తెర సంగతి మళ్లీ చదివి, గడప మీద కూలబడి ఏడ్చారు. రోజూ ఆ తెర సందులోంచి మన తలుపు వైపే చూస్తున్నారట. వస్తే మీరు పోయింది నిజమైపోతుందని రాలేదట. నేనూ పక్కనే కూర్చుని ఏడ్చాను.

తర్వాత దిగ్గున లేచి మిమ్మల్ని తిట్టడం మొదలుపెట్టారు. అవన్నీ రాయడానికి కోడలి చెయ్యి ఆడదు. ఈ ఉత్తరం పోస్టులో వేస్తానంటే వద్దని, "స్టాంపెందుకు దండగ? నేనే ఇస్తాను" అన్నారు.

ఇప్పుడు మీ ఎదురుగా నిలబడి ఉన్నది ఆయనే.

ఇట్లు,
మీ కోడలు

తా.క.: పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ముందు తిట్టి తర్వాత తింటారట. చదివింది చాలు మామయ్యా, లోపలికి రమ్మనండి.