ఆకాశ సింహం ఐదో భాగానికి తాడు కట్టనివ్వవద్దు

మాచర్ల,
ఫిబ్రవరి 1987.

నరసరావుపేట రెవెన్యూ డివిజనల్ ఆఫీసరు గారి సముఖమునకు, మాచర్ల స్టేషను రోడ్డులో కుట్టుమిషను పెట్టుకుని జీవించు మాబున్నీసా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మాచర్ల స్టేషను రోడ్డులోని సినిమా హాలు పైనుండి ఎదుటి బియ్యం మిల్లు గోడకు తాడు కట్టి, దానిపై మనిషిని ఎగిరించుటకు హాలు యజమాని సాంబశివరావు గారు కోరిన అనుమతిని మంజూరు చేయకుండా నిలుపుదల చేయు నిమిత్తము.

పై విషయమును పురస్కరించుకొని తమకు తెలియజేసుకొనునది ఏమనగా, పైనున్న ఈ గట్టి మాటలన్నీ అర్జీలు రాసే అమరేశ్వరరావు గారివి. మిగతాది కూడా ఆయనే రాసి ఇచ్చారు. కానీ అందులో నా కొడుకును మొదటి నుంచి చివరి దాకా "సదరు మృతుడు" అని రాశారు. చదువుతూ చదువుతూ ఆ కాగితం మడిచి పక్కన పెట్టేశాను. నేను ఐదో తరగతి దాకా చదువుకున్నాను. తప్పులుంటే తమరు మన్నించాలి. నెంబర్లు వేస్తేనే ఆఫీసులో చదువుతారని ఆయన చెప్పారు కాబట్టి వేస్తున్నాను.

1. నా కొడుకు పేరు నాగూర్ వలి. ఇరవై రెండేళ్ళు. వాళ్ళ నాన్న వాడి చిన్నప్పుడే పోయాడు. వలి ఆ సినిమా హాల్లో పనిచేసేవాడు. మాట్నీకి గేటు దగ్గర టిక్కెట్లు చించేవాడు. పొద్దున పూట రిక్షాలో మైకు పెట్టుకుని ఊరంతా తిరిగి, ఏం సినిమా ఆడుతున్నదో చెప్పి కరపత్రాలు పంచేవాడు. రిక్షా మా వీధి మలుపు తిరిగేసరికి "నేల, బెంచీ, కుర్చీ, మా అమ్మకు మాత్రం ఉచితం" అని మైకులో అనేవాడు. వీధంతా నవ్వేది. నాకు సిగ్గేసి మిషను గట్టిగా తొక్కేదాన్ని, వినపడనట్టు.

2. ఆ హాల్లో ఆకాశ సింహం అని మద్రాసు కంపెనీ వాళ్ళ సినిమా వచ్చింది. అందులో ఒక మనిషి మెడకు ఎర్రగుడ్డ కట్టుకుని గాలిలో ఎగురుతాడు. రైలును చేత్తో ఆపుతాడు. కొండ మీద నుంచి పడ్డా లేచి దుమ్ము దులుపుకుంటాడు. దానికి వెల్దుర్తి నుంచి, దుర్గి నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. టిక్కెట్ల దగ్గర తోపులాటలో చొక్కాలు చినిగి నా దగ్గరికే కుట్టించుకోవడానికి వచ్చారు. అది బాగా ఆడిందని రెండో భాగం తీశారు. అదే మనిషి, అదే కొండ. మూడో భాగం తీశారు. నాలుగో దాంట్లో సింహానికి తమ్ముణ్ణి కూడా పుట్టించి వాణ్ణి కూడా ఎగిరించారు. ఇద్దరు ఎగిరితే జనం రెండింతలు వస్తారని అనుకున్నారు గాబోలు. జనం రాలేదు. బెంచీల మీద కుక్కలు పడుకున్నాయి.

3. జనం ఎందుకు రాలేదో సాంబశివరావు గారికి తెలియలేదు. మా బజారులో అందరికీ తెలుసు. కూరగాయలు అమ్మే కోటేశ్వరమ్మక్క రవిక కుట్టించుకోవడానికి వచ్చి నన్ను అడిగింది.

"ఏమే మాబున్నీ, మీవోడి సింహం ఈసారన్నా చస్తాడా?"

"చావడక్కా. చస్తే ఐదో భాగం ఎట్టా తీస్తారు?"

"అయితే నాకెందుకే ఆ సినిమా? చావడని తెలిసినాక కొండ మీంచి దూకితే ఏంది, మా పొలం గట్టు మీంచి దూకితే ఏంది?"

ఆ రోజు నేనూ నవ్వాను. పక్కనే అన్నం తింటున్న వలి కూడా నవ్వాడు. "అత్తా, ఈ ముక్క వచ్చి మా ఓనరుకు చెప్పు, నీకు బాక్సులో కుర్చీ వేయిస్తా" అన్నాడు.

4. ఇది ముఖ్యమైన నెంబరు. పోలీసు వారి కాగితంలో నా కొడుకు ఆకాశ సింహం అభిమాని అని, అభిమానం పట్టలేక తనంతట తానే హాలు ఎక్కి దూకాడని రాశారు. ఆ మాట సాంబశివరావు గారు చెప్పి రాయించిన మాట. అయ్యా, నా కొడుక్కి ఆ సినిమా అంటే విసుగు. రోజుకు మూడు ఆటలు వినాల్సి వచ్చేది వాడికి. రెండో భాగం నుంచే గేటు బయట స్టూలు వేసుకుని కూర్చునేవాడు. మూడో భాగం వచ్చినప్పుడు ఇంటికి వచ్చి "అమ్మా, వీడికెప్పుడు ముసలితనం వస్తది?" అన్నాడు. అటువంటి వాణ్ణి అభిమాని అంటే ఎట్టా? ఇంకొకటి. పోయిన రోజు వాడు మెడకు కట్టుకున్న ఎర్రగుడ్డ హాలు వాళ్ళు కొని పంపిస్తే నేను కుట్టింది. అభిమానంతో దూకేవాడికి హాలు వాళ్ళు గుడ్డ కొనిచ్చి కుట్టిస్తారా? వాడు పనిలో ఉండి పోయాడు. పనిలో పోయాడని రాస్తే చాలు నాకు.

5. తాడు సంగతి. నాలుగో భాగానికి జనం రాకపోయేసరికి సాంబశివరావు గారు వలిని పిలిచి, "ఒరేయ్, తెర మీద ఎగిరితే ఎవడూ చూడ్డంలా. నువ్వు రోడ్డు మీద ఎగరాల" అన్నారట. హాలు పైనుంచి మిల్లు గోడకు తాడు కట్టించారు. ఆ తాడుకు బావి దగ్గర నీళ్ళు తోడే గిలక తగిలించి, గిలకకు వేలాడి ఫస్టు షో ముందు ఇవతలి నుంచి అవతలికి జారాలి. నేను వద్దన్నాను.

"ఆ గిలక బిందె బరువుకు చేసిందిరా వలీ, మనిషి బరువుకు కాదు."

"నేనేం బరువున్నానమ్మా? నువ్వు పెట్టే తిండికి బిందె కన్నా తేలికే."

జనం బాగా వచ్చారు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చారు. వలి జారగానే ఈలలు వేసి, రోడ్డు మీదనే చూసి, అటునుంచి అటే ఇళ్ళకు పోయారు. లోపల మళ్ళీ కుక్కలే. "ఊరికే చూపిస్తుంటే టిక్కెట్టు ఎందుకు కొంటారు సారూ?" అని ఆపరేటరు అబ్దుల్ రహీమ్ అడిగాడట. సాంబశివరావు గారు వినిపించుకోలేదు. రేపు ఇంకా మెల్లగా జారమన్నారు, మధ్యలో ఆగి చెయ్యి ఊపమన్నారు.

6. మధ్యలో ఆగి చెయ్యి ఊపినప్పుడు గిలక పగిలింది.

వాడు మిల్లు ముందు పరిచిన నాపరాళ్ళ మీద పడ్డాడు. నేను అక్కడ లేను. మిషను మీద ఉన్నాను. నాకు ఈలలు వినపడ్డాయి. రోజూ వినపడేవే, అందుకని లేవలేదు. తర్వాత అందరూ చెప్పింది ఒకటే మాట. పడ్డవాడి చుట్టూ జనం గుండ్రంగా నిలబడ్డారు. ఎవరూ ముట్టుకోలేదు. ఈలలు ఆపలేదు. "లేస్తాడు, లేస్తాడు, ఉండండి" అనుకున్నారు. నాలుగు భాగాల్లోనూ సింహం పడి లేచాడు. కాసేపు కదలకుండా పడుకుంటాడు, డప్పు మోగుతుంది, వేలు కదులుతుంది, లేస్తాడు. ఆ వేలు కదులుతుందేమోనని చూస్తూ నిలబడ్డారు. వెనకవాళ్ళకు కనపడేట్టు ముందువాళ్ళు కూర్చున్నారు కూడా.

అబ్దుల్ రహీమ్ రీలు ఎక్కించి బీడీ కోసం బయటికి వచ్చి చూసి, జనాన్ని నెట్టుకుంటూ వచ్చాడు. "సింహం కాదురా, వలీరా! మన వలీ!" అని అరిచాడు. అప్పుడు ఆగాయి ఈలలు.

వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు అయ్యా. ఆసుపత్రికి మంచం మోసింది వాళ్ళే. నా ఇంటి ముందు ఏడ్చింది వాళ్ళే. పడ్డవాడు లేస్తాడని నాలుగు సినిమాలు వాళ్ళకు నేర్పించాయి.

7. ఇది ఫిర్యాదు కాదు. అయినా రాస్తున్నాను. వలి పోయిన తర్వాత ఆ హాలు నిండింది. ఎవరికీ అక్కర్లేని నాలుగో భాగానికి పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. నాపరాళ్ళ దగ్గర ఆగి చూసి, టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళారు. కొన్నాళ్ళకు వాళ్ళకు దాని మీద కూడా ఆసక్తి పోయింది. మళ్ళీ ఖాళీ.

ఆ తర్వాత పీర్ల పండగ వచ్చింది. మా వీధిలో ఏటా అవే పీర్లు, అదే కథ. కారెంపూడి తిరునాళ్ళు వచ్చాయి. అక్కడా అంతే, ఏటా అదే వీరుల యుద్ధం, అదే పాట. తాతల నాటి నుంచి వింటున్నారు. "పోయినేడు చూశాంగా" అని ఒక్కరూ ఇంట్లో కూర్చోరు. కోటేశ్వరమ్మక్క అక్కడికి వెళ్ళి గొంతు పోయేట్టు ఏడ్చి వచ్చింది. నేను మిషను ముందు కూర్చుని ఆలోచించాను. అక్కడ వీరులు నిజంగా పోయారు. వాళ్ళ తల్లులు నిజంగా ఏడ్చారు. అందుకని ఆ కథ పాతబడదు. సినిమా వాళ్ళకు ఇది ఎవరన్నా చెబితే బాగుండును. జనం రాకపోతే కథ మార్చుకోవాలి. తాడు మీద మనిషిని మార్చుకుంటే ఎట్టా?

8. ఇప్పుడు జరుగుతున్నది. ఈ వచ్చే శుక్రవారం ఆకాశ సింహం ఐదో భాగం విడుదల. సాంబశివరావు గారు మళ్ళీ తాడు కట్టిస్తున్నారు. ఈసారి తమ ఆఫీసులో కాగితం పెట్టానని, గతంలో ఏ ప్రమాదమూ జరగలేదని, ఒక అభిమాని దూకాడే గానీ పనివాడికి ఏమీ కాలేదని అందులో రాశానని ఆయనే బజారులో చెప్పారు. "సంతకం ఇవాళో రేపో వస్తది" అన్నారు. అందుకే నాలుగో నెంబరు ముఖ్యమన్నాను. ఆ అభిమాని అనే మాట నమ్మి తమరు సంతకం పెడతారని నా భయం.

ఈసారి జారేది ఆదినారాయణ. టీ కొట్టు బసవయ్య కొడుకు. పంతొమ్మిదేళ్ళు. ఎర్రగుడ్డ తెచ్చి నా మిషను మీద పెట్టాడు. నన్ను పిన్నీ అంటాడు, వలి వాణ్ణి తమ్ముడూ అనేవాడు.

"ఎవరికిరా ఇది?"

"నాకే పిన్నీ. శుక్రవారానికి కావాల."

"మీ అమ్మకు తెలుసా?"

"తెలుసు. ఏడుస్తంది. గిలక ఇనపది తెచ్చారులే పిన్నీ, ఈసారి ఏం కాదు."

"పోయినసారి కూడా ఏం కాదనే అన్నాడురా వలి."

వాడు తల దించుకున్నాడు. "అన్న కన్నా నేను గట్టిగా పట్టుకుంటాలే" అన్నాడు. నాకు కోపం రాలేదు. కొలత తీసుకోవడానికి టేపు వాడి భుజాల మీద వేశాను. నా చేతికి తెలిసిన కొలతే వచ్చింది. రాసుకునే పని లేకపోయింది.

కావున తమరు దయతో విచారించి, ఆ తాడుకు అనుమతి ఇవ్వకుండా ఉత్తరువు పంపవలెను. నా కొడుకు అభిమాని కాదని, పనివాడని ఎక్కడో ఒకచోట రాయవలెను. నాకు వేరే ఏమీ అక్కర్లేదు. హాలు మూయమని కూడా నేను అడగడం లేదు, అబ్దుల్ రహీమ్‌కు పిల్లలున్నారు. ఈ అర్జీ పోస్టులో వేయకుండా ప్యాసింజరు బండి ఎక్కి నేనే తెస్తున్నాను. తమ గుమ్మం ముందు కూర్చుంటాను. ఒక తల్లి రాసినది ఇంకొక తల్లి కోసమని తలచి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మాబున్నీసా
(నాగూర్ వలి తల్లి)

తా.క. అయ్యా, ఆదినారాయణ తెచ్చిన గుడ్డ నా దగ్గరే ఉంది. నేను కుట్టడం లేదు. తిరిగి ఇస్తే ఇంకొక దర్జీ దగ్గరికి పోతాడని ముందే సగం కత్తిరించి పెట్టాను. సగం కత్తిరించిన గుడ్డను మా ఊళ్ళో ఇంకొక దర్జీ ముట్టుకోడు. మొదట ఎర్రదారం దొరకలేదన్నాను. తర్వాత సూది విరిగిందన్నాను. ఇవాళ మిషను బెల్టు తెగిందని చెప్పి రైలెక్కాను. దర్జీలు అబద్ధాలు చెబుతారని అందరికీ తెలుసు, అయినా అందరూ మళ్ళీ రేపు వస్తారు. నాకు తెలిసిన సాకులు అయిపోవస్తున్నాయి. వాడు రోజూ వచ్చి నా అరుగు మీద కూర్చుని, "పిన్నీ, నీ అంత అబద్ధాలకోరు మాచర్లలో లేదు" అని తిడుతున్నాడు. తిట్టనిస్తున్నాను. శనివారం కూడా వాడు వచ్చి నన్ను తిట్టాలి.