మీ హీరోకు ఆకలైనప్పుడు

జనగామ,
అక్టోబరు 2011

డైరెక్టర్ గారికి,

నమస్తే. బందుల వల్ల హైదరాబాదులో షూటింగులు ఆగిపోయాయని మా బజారుకే హైదరాబాదు బోర్డులు కట్టారు. కట్టుకోండి, మాకేం బాధ లేదు. మీ బండ్లను ఎందుకు ఆపామని అడిగారు కాబట్టి చెబుతున్నాను. మీ కథలో మా యాస మాట్లాడేవాడు దొంగ ఒక్కడే. అందుకు.

నిన్న తెలంగాణ కోసం రోడ్డు మీద మేం వంటావార్పు చేస్తుంటే, మీ హీరో కారు అద్దాలు ఎక్కించుకుని లోపలే కూర్చున్నాడు. దొంగ వేషం వేసే ఆయన మాత్రం దిగొచ్చి మా బంతిలో కూర్చున్నాడు. బెజవాడ మనిషట. "ఇంకొంచెం పప్పు వేయండమ్మా" అన్నాడు.

వడ్డించే సత్తమ్మవ్వ గంటె ఆపింది. "గట్ల కాదు బిడ్డా. 'జర పప్పు పొయ్యరాదే అవ్వా' అనాలె."

ఆయన అచ్చం అట్లాగే అన్నాడు. కడుపు నిండేదాకా అంటూనే ఉన్నాడు, అవ్వ పోస్తూనే ఉంది.

షూటింగుకు ఒప్పుకుంటాం. షరతు ఒక్కటే, హీరో కూడా మా మాటే మాట్లాడాలి. ఆయనకు రాదంటారా? మీ దొంగ ఒక్క పూటలో నేర్చుకున్నాడు. హీరోగారికి ఇంకా ఆకలి కాలేదు, అంతే. అయినప్పుడు పంపండి. మా పొయ్యి రోడ్డు మీదే ఉంటుంది.

ఇట్లు,
బజారు కమిటీ తరఫున