అరవై ఆదివారాల ఆయిల్

చిరంజీవి తూనీగకు, అమ్మమ్మ బోలెడు ముద్దులతో, రెండు మొట్టికాయలతో రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మ బాగుంది, మీ నాన్న బాగున్నారు, నా మోకాలు కూడా ఈమధ్య బుద్ధిగా ఉంటోంది. బాగాలేనిది నీ కారు ఒక్కటే. అదిగో, అప్పుడే కంగారుపడకు, చివరిదాకా చదువు. మధ్యలో ఆపేసి ఏదేదో ఊహించుకోవడం మీ నాన్న నుంచి నీకు సంక్రమించిన జబ్బు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అవును, కళ్లజోడు మార్చాను. మీ నాన్న కొట్లోనే చేయించుకున్నాను కాబట్టి రెండు నెలలు పట్టింది. సొంతవాళ్లం కదా, ఎప్పుడూ వరసలో చివరే. అవును, మీ అమ్మ ఇంకా గురకపెడుతోంది, ఇంకా ఒప్పుకోవడం లేదు. "వెంటనే జవాబు రాయి" అన్నావు. నీ దీవికి నెలకొక్కసారి వచ్చే ఓడను నేను తోలడం లేదు కదా తల్లీ.

ఇక అసలు ప్రశ్న. "వాతావరణ కేంద్రంలో ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారు, కారు అమ్మేద్దామనుకుంటున్నాను. కొనేటాయన ఈ నెల్లో చూడ్డానికి వస్తాడు. తు.చ. తప్పకుండా ప్రతి ఆదివారం పది నిమిషాలు స్టార్ట్ చేశావని చెప్పు అమ్మమ్మా, అంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి?" అని రాశావు.

చేశాను. అరవై ఆదివారాలు. గుడ్లు ఉడకబెట్టడానికి వాడే గడియారం పట్టుకుని షెడ్డులోకి వెళ్లి, సరిగ్గా పది నిమిషాలు. నోటుపుస్తకంలో తేదీ వేసి టిక్కు పెట్టాను. జ్వరం వచ్చిన వారం శాలువా కప్పుకుని వెళ్లాను. నువ్వు ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో రెండో మాట, "ఏడువేల ఐదువందల కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చాలి." మీటరు చూశాను. నువ్వు వెళ్లిననాడు ఏ అంకె ఉందో అదే ఉంది. బండి షెడ్డు గడప దాటందే ఆయిల్‌తో పనేముందని నిశ్చింతగా ఉన్నాను.

కొనేవాడు వచ్చేలోపు ఒకసారి చూపిద్దామని మెకానిక్‌ను పిలిపించాను. వచ్చినవాణ్ణి చూసి మొదట ఉలిక్కిపడ్డాను. నా క్లాసులో వెనకబెంచీలో కూర్చుని కెమిస్ట్రీ మూడుసార్లు తప్పినవాడు! ఇప్పుడు బట్టతల, సొంత గ్యారేజీ, కింద నలుగురు పనివాళ్లు. నన్ను చూడగానే చేతిలోని స్పానర్ ఠక్కున వెనక్కి దాచుకున్నాడు.

"టీచర్ గారూ! ఈ బండి మీదా?"

"మనవరాలిదిరా. నా పెన్షన్‌కి ఇందులో చక్రం కూడా రాదు."

సరదాకన్నాను. అతను నిజంగానే లెక్క చెప్పాడు. నాలుగు టైర్లకు నా నాలుగు నెలల పెన్షన్. బ్రేకు ప్యాడ్లకు ఇంకో నెలది. మన ఇంట్లో కారుకు మూడున్నర లీటర్ల ఆయిల్ సరిపోతుంటే దీనికి ఎనిమిది లీటర్లట, అదీ అన్నిటికంటే ఖరీదైన రకం.

"ఎనిమిది లీటర్లా? తాగుతుందా, స్నానం చేస్తుందా?"

"కొనేటప్పుడు చవగ్గానే వస్తుంది టీచర్ గారూ. పాతబడితే స్పోర్ట్స్ కారు ధర తగ్గుద్ది గానీ, దాని సామాన్ల ధర తగ్గదు."

మీ నాన్న కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

తర్వాత అతను ఇంజను మీద ఆయిల్ పోసే మూత తిప్పి తీశాడు. మూత లోపలంతా కాఫీరంగు మీగడ! వేలితో తీసి చూపించాడు.

"ఎంతసేపు స్టార్ట్ చేసేవారు?"

"పది నిమిషాలు."

"రోడ్డెక్కించేవారా?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"చెప్పింది ఒకసారికి ఎక్కదేమిరా నీకు?"

తల గోక్కున్నాడు. "పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది కదండీ. ఇంజను బాగా కాగితే అది బయటికి పోతుంది. నిలబెట్టి పది నిమిషాలు తిప్పితే ఎక్కడ కాగుతుంది? ఆవిరి లోపలే చల్లబడి, నీళ్లై, ఆయిల్లో కలుస్తుంది. అరవైసార్లు కలిసింది." గొంతు తగ్గించి, "ఈ ప్రశ్నకే మీరు నాకు సున్నా వేశారు," అన్నాడు.

గాలిలో తేమ కొలిచే ఉద్యోగం నీది. ఆవిరి చల్లబడితే నీరవుతుందని ముప్పైనాలుగేళ్లు బోర్డు మీద రాసిన చేయి నాది. ఇద్దరం కలిసి ఒక ఇంజను నిండా మంచు కురిపించాం. అతను కారు అరలోంచి కంపెనీవాళ్ల పుస్తకం తీసి చూపించాడు. "ఏడువేల ఐదువందల కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందైతే అది." నువ్వు సగం వాక్యం రాసి వెళ్లావు, నేను ఆ సగాన్నే వేదంలా పాటించాను. ప్రశ్న పూర్తిగా చదవండర్రా అని జీవితమంతా అరిచినదాన్ని, ఆ పుస్తకం ఒక్కసారి తెరిచి చూడలేదు.

బండిని గ్యారేజీకి లాక్కెళ్లారు, నేనూ మీ నాన్నా కూడా వెళ్లాం. కింద బిరడా విప్పితే పాత ఆయిల్ అంట్లు కడిగిన నీళ్లలా దిగింది. ఆ బిరడాకు ఒక అయస్కాంతం ఉంటుంది. ఇంజను లోపల అరిగితే ఇనుపరజను దానికి అంటుకుంటుంది. "రేకులు కనిపిస్తే ఇంజను మార్చాల్సిందేనండీ, బండి ధరలో సగం," అంటూ తెల్లగుడ్డతో తుడిచాడు. పబ్లిక్ పరీక్షల ఫలితాలప్పుడు కూడా నా గుండె అలా కొట్టుకోలేదు.

గుడ్డ మీద మసి మాత్రమే ఉంది.

"బతికిపోయింది టీచర్ గారూ. కొత్త ఆయిల్ పోస్తాను. కానీ వారానికోసారి నలభై నిమిషాలు బాగా వేడెక్కేదాకా నడపాలి. లోపలి తేమ పోవాలంటే ఐదువందల కిలోమీటర్లకే మళ్లీ మార్చాలి. ఆ తర్వాత ఏడాదికోసారి, తిరిగినా తిరగకపోయినా. ఎవరు నడుపుతారు?"

మీ నాన్న తన బూట్ల వైపు చూసుకున్నారు. మీ అమ్మకు గేర్లు వేయడం రాదు.

తర్వాతి వారం కొనేటాయన వచ్చాడు. నా టిక్కుల పుస్తకం చూసి, "ఎంత శ్రద్ధండీ!" అని మురిసిపోయాడు. అప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే నీ కారు ఆ సాయంత్రమే అమ్ముడుపోయేది. మూసుకోలేకపోయాను. సీసాలో పట్టి ఉంచిన పాత ఆయిల్ అతని చేతిలో పెట్టి పాఠం మొదటినుంచీ చెప్పాను. గేటు దాటుతుంటే కూడా చెబుతూనే ఉన్నాను. ఫోన్ చేస్తానన్నాడు. చెయ్యడు.

ఇప్పుడు మూడు పేజీలుగా తప్పించుకు తిరుగుతున్న సంగతి. ఈ నాలుగు ఆదివారాలూ నీ కారు నడిపింది నేను.

పదకొండేళ్ల కిందట లారీ ఒకటి రాసుకుపోయాక నేను డ్రైవింగ్ మానేశాను. మీ నాన్న వద్దన్నారని అందరికీ చెప్పుకున్నాను. పాపం, ఆయన ఏమీ అనలేదు. లైసెన్సు మాత్రం ఎప్పుడూ గడువు దాటనివ్వలేదు, ఎందుకో అడగకు. అరవై ఆదివారాలూ ఆ సీట్లో కూర్చున్నంతసేపూ నా చేయి గేరు మీదే ఉండేది. వేస్తే కదిలేది. వెయ్యలేదు. నువ్వు నడపొద్దని చెప్పలేదు, కాగితంలో అలా లేదు. భయమేసింది తూనీగా. నీ ఇంజనులో చేరిన నీళ్లలో సగం నా భయమే.

మొదటి ఆదివారం వీధి మలుపు దగ్గరే మూడుసార్లు ఆగిపోయింది. వెనకవాడు హారన్ కొడితే కంగారులో వైపర్లు వేశాను. మూడో ఆదివారం పెద్ద రోడ్డెక్కాను. మీ నాన్న పక్కన కూర్చుని, పైనున్న పిడి రెండు చేతులతో పట్టుకుని, "అత్తయ్యగారూ, ఆయిల్ కాగినట్టేనండీ," అన్నారు.

"ఇంకో పది నిమిషాలు అల్లుడుగారూ," అన్నాను.

ఫలితంగా నిన్న నీ పేరు మీద నోటీసు వచ్చింది. ఎనభై దాటకూడని చోట నూట పద్నాలుగు! ఇంకెవరిదో పొరపాటున వచ్చిందేమోనని కాగితం తిరగేసి మరీ చూశాను. ఫొటో వేశారు. నా కొత్త కళ్లజోడు స్పష్టంగా పడింది. మీ నాన్న నోరు కూడా. తప్పే, జరిమానా కట్టేశాను, ఇకమీదట స్పీడు ముల్లు వైపు ఒక కన్ను వేసి ఉంచుతాను. కానీ అలాంటి నోటీసులు నీ పేరు మీద రావడం నాకు నచ్చలేదు.

అందుకని నీ బండి అమ్మేశాను. కొన్నది నేనే, దాచుకున్న డబ్బుతో, ఆ కొనేటాయన నీతో ఒప్పుకున్న ధరకే. టైర్ల సంగతీ ప్యాడ్ల సంగతీ తెలిసే కొన్నాను. మీ అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, ఇల్లు ప్రశాంతంగా ఉంది. బదిలీ ఫారం జతచేశాను. పెన్సిల్‌తో గీత పెట్టినచోట సంతకం చెయ్యి. చేసేముందు పూర్తిగా చదువు, సగం కాదు.

వద్దనిపిస్తే వద్దని రాయి, ఏమీ అనుకోను. నీ జవాబు ఓడెక్కి వచ్చేలోపు నాకెలాగూ నాలుగు ఆదివారాలున్నాయి.

ఇట్లు,
షెడ్డు గడప దాటిన
నీ అమ్మమ్మ