కింది మర చక్రం ఆగిన రోజు

చరిత్రకారులు ఫోల్క్‌మార్ గారికి,

మన ఏడిళ్ల పల్లె చరిత్ర అంటూ మీరు అచ్చు వేయబోతున్న పుస్తకం ప్రతి అందింది. ఒకే ఏటి నీటితో పిండి విసిరిన రెండు మరల్లో, ఎగువనున్న మీ పై మర గురించి ముప్పై పేజీలు, దిగువనున్న మా కింది మర గురించి ఒక్క వాక్యం. ఆ ఒక్కటీ అబద్ధం కావడం మీ శ్రద్ధకు నిదర్శనం.

"కింది మరాయన మృతికి గౌరవంగా మా నాన్నగారు తూము మూయించారు" అని రాశారు. మరాయన పోతే ఖననం అయ్యేదాకా తూము మూసి చక్రం ఆపడం మన ఆచారమే. కాకపోతే తూము మూసిన ఆ ఆగస్టులో మా నాన్న పోలేదు. కోతలు ముగిసి రైతులు ధాన్యంతో వస్తుంటే, మీ నాన్నగారు మా కాలువ తూము మూసి నీళ్లు తన పచ్చిక బీడుకు మళ్లించారు. ఆగిన చక్రాన్ని చూసిన జనం బస్తాలు మీ మరలో దించి, నల్లకోట్లు తొడుక్కుని మా ఇంటికి పరామర్శకు వచ్చారు. తలుపు తీసింది మా నాన్నే.

"ఏమయ్యా, నువ్వింకా పోలేదా?" అన్నాడు రైతు ఎగ్బెర్ట్.

"పోతే నీకు చెప్పకుండా పోతానా? బస్తాలేవిరా?"

"పై మరలో దించేశాం. మళ్లీ ఎవడెత్తుతాడు?"

ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. మీ నాన్నగారి గౌరవాన్ని తట్టుకుని మా నాన్న చాలా ఏళ్లు బతికాడు. మర మాత్రం ఆ ఏడాదే పోయింది.

అచ్చుకు ముందే ఆ వాక్యం దిద్దండి. చరిత్రలో కింది మరకు మిగిలేది అదొక్కటే. నేనూ త్వరలో పోతాను. అప్పుడు ఆచారమంటూ తూము మూయకండి, తెరవండి. పాత చక్రం ఇంకా కాలువలోనే ఉంది, తిరగనివ్వండి. ఆ రోజు బతికున్నవాణ్ణి పోయాడనుకున్న ఊరు, ఈసారి పోయినవాణ్ణి బతికే ఉన్నాడనుకుంటుంది.

ఇట్లు,
కింది మర వారసుడు